ఆరో నంబరు శుభ్రంగానే ఉంది

మార్చి 3, సోమవారం

ఉద్యోగంలో చేరాను. పెలికన్ రాజు వినోద పార్కు. ఊడ్చే పని.

చొక్కాకి పేరు బిళ్ల పెట్టారు. పనాపా అని ఉంది. వాయెలుపే అని లేదు. దీవిలో మా ఊరు నాకు పెద్దరికం కట్టబెట్టిన రోజున ఇచ్చిన పేరు అది. ముప్పై ఒక్క ఏళ్లుగా అందరూ దాంతోనే పిలుస్తున్నారు. ఇక్కడ ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

నిక్కరు ఇచ్చారు. అరవై ఏడేళ్ల వయసులో నా మోకాళ్లను ఈ గోల్డ్ కోస్ట్ ఊరంతా చూసింది.

మేనేజరు డారిల్ ఎర్రటి మనిషి. నడుస్తూ మాట్లాడతాడు. వెనకాల పరిగెత్తితేనే వినబడుతుంది. "ఆరు వారాలు చూస్తాం గురూ. బాగుంటే ఉంటావు. లేకపోతే చెయ్యి కలుపుకుని ఎవరి దారి వాళ్లది. సరేనా?" అన్నాడు. సరే అన్నాను. అప్పటికే పది గజాలు ముందున్నాడు.

ఇంటికొచ్చాక తెలేసియా కూడా అదే అంది. "నాన్నా, ఆరు వారాలు నిలబడితే నేను నోరెత్తను. నిలబడకపోతే మాత్రం మంగళవారం మంగళవారం క్లబ్బుకి వెళ్లాల్సిందే. మళ్లీ గ్యారేజీలో కూర్చుంటానంటే ఒప్పుకోను."

ఆ క్లబ్బుకి ఒకసారి వెళ్లాను. ముసలివాళ్లందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి బెలూను కొట్టించారు. ఒకావిడ నా నోట్లో బిస్కెట్టు పెట్టి డార్లింగ్ అంది. మా ఆవిడ మలియా కూడా నన్ను ఎప్పుడూ అలా అనలేదు.

మలియా పోయి ఏడు నెలలు. సాయంత్రం ఆమెకి చెప్పే మాటలు ఇకమీదట ఇందులో రాస్తాను.

మార్చి 4

మా సూపర్‌వైజరు సెలవు నుంచి వచ్చింది. నన్ను చూసి చేతిలోని తాళాలు జారవిడిచింది.

ఇయానెతా. మా ఊరి సేఫో కూతురు. సేఫో వాళ్లు తాతల కాలం నుంచి మా ఇంటి పొయ్యి చూసేవాళ్లు. మా ఇంట్లో చేమదుంప ఉడికిందంటే వాళ్ల చేతి మీదుగానే. ఈ పిల్ల ఇక్కడ పదకొండేళ్లుగా పనిచేస్తోందట. ఊడ్చేవాళ్లందరికీ పెద్దట.

నన్ను చూడగానే సిమెంటు నేల మీద కూర్చుండిపోయింది. పెద్దల ముందు నిలబడి మాట్లాడకూడదు కదా. బాగా పెంచాడు సేఫో.

"అయ్యా! తమరేంటి ఇక్కడ? చేతిలో అదేంటి?"

"చీపురు."

"ఇలా ఇవ్వండయ్యా."

ఇచ్చాను. ఆ తర్వాత ఏం చేయాలో ఇద్దరికీ తెలియలేదు. డారిల్ వస్తుంటే మళ్లీ నా చేతిలో పెట్టేసింది.

మార్చి 5

నిక్కరు బదులు మా లుంగీ, నల్ల లవలవ, కట్టుకోవచ్చని ఇయానెతా అనుమతి తెచ్చింది. ఆదివారం సెలవు కూడా ఇప్పించింది, చర్చికి వెళ్లాలి కదా. నేను అడగలేదు.

మోకాళ్లు దాగాయి. ఉద్యోగం మంచిదనిపిస్తోంది.

మార్చి 6

నడుము పడిపోయింది. ఊడ్చినందుకు కాదు.

నా భాగం ఆరో నంబరు. గిరగిరా తిరిగే టీ కప్పుల దగ్గర నుంచి ఐస్‌క్రీం కొట్టు దాకా. అందులో బెంచీలు ఇరవై తొమ్మిది. కూర్చున్నవాళ్ల ముందు నుంచి నిటారుగా నడిచి వెళ్లడం నాకు రాదు. మా దేశంలో ఎవరికీ రాదు. నడుము వంచి, ఒక చెయ్యి నేలవైపు దించి, మన్నించండి అంటూ వెళ్లాలి. వంగుతూనే ఉన్నాను. ఇరవై తొమ్మిది బెంచీలు. వెళ్లడం ఒకసారి, రావడం ఒకసారి.

కొందరు ఏదో పారేసుకున్నాననుకుని నాతోపాటు వెతికారు. ఒక జపాను పెద్దాయన లేచి నిలబడి తిరిగి వంగాడు. ఆయన వంగాడు కాబట్టి నేను మళ్లీ వంగాను. నేను వంగానని ఆయన మళ్లీ వంగాడు. చివరికి ఆయన మనవరాలు చెయ్యి పట్టి లాక్కుపోయింది. మర్యాదస్తుడు.

మార్చి 7

ఇక్కడ అందరూ నడుస్తూ తింటారు. చిప్స్ తింటూ, ఐస్‌క్రీం నాకుతూ, ఊరి మధ్యలోంచి వెళ్తున్నట్టు వెళ్తారు. మా ఊళ్లో ఎవరైనా అలా తింటూ నడిస్తే పంచాయితీలో పంది జరిమానా వేసేవాణ్ని. ఇక్కడ వాళ్లు అలా తినబట్టే నాకు పని దొరికింది.

మార్చి 10

ఏడో నంబరులో నోలీన్ అనే ఆవిడ ఊడుస్తుంది. నా వయసే ఉంటుంది. జుట్టుకి ఊదా రంగు. నన్ను పానో అంటుంది. ఇక్కడివాళ్లకి పేరు పూర్తిగా పలికే తీరిక ఉండదు.

పొడుగు ముక్కు తెల్ల కొంగలు ఇక్కడ చాలా ఉన్నాయి. చెత్త డబ్బాలో తల దూర్చి తింటాయి. చెత్తడబ్బా కోళ్లు అంటారు. ఇవాళ ఒకటి నా చేటలోకి ఎక్కి నిలబడింది. తోసెయ్యడానికి మనసొప్పక అది తినేదాకా ఆగాను.

"ఏంటి పానో, దానికి విందు పెడుతున్నావా?" అంది నోలీన్.

"ముందు అదే వచ్చింది" అన్నాను.

ఆవిడ చాలాసేపు నవ్వింది. ఎందుకో తెలియదు.

మార్చి 11

ఒక సంగతి గమనించాను. పొద్దున నేను వెళ్లేసరికే ఆరో నంబరు శుభ్రంగా ఉంటుంది. మధ్యాహ్నం టిఫిన్ తిని వచ్చేసరికి మళ్లీ శుభ్రంగా ఉంటుంది. నోలీన్ భాగంలో మాత్రం చిప్స్ ముక్కలు, కాగితాలు, ఒక చెప్పు కూడా.

నా వైపు వచ్చే జనం మర్యాదస్తులు అయ్యుండాలి. నేను వంగి నడవడం చూసి సిగ్గుపడుతున్నారేమో.

మార్చి 12

పొద్దున ఎనిమిదింటికి అందరం స్టోరు గది ముందు నిలబడతాం. ఇయానెతా పనులు చెబుతుంది. గట్టి గొంతు.

"నోలీన్, ఏడో నంబరు. నిన్న ఆ చెట్ల వెనక వదిలేశావ్, కళ్లు ఇంట్లో పెట్టొచ్చావా? డబ్బాలవాళ్లు, తొమ్మిదికల్లా అయిపోవాలి. కబుర్లు తర్వాత."

నా దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిపోతుంది. ఆకాశం చూస్తుంది.

"ఇవాళ ఆరో నంబరు వైపు గాలి చల్లగా ఉంది. ఎవరికైనా అటు నడవాలనిపించొచ్చు."

నేను అటు నడుస్తాను.

మార్చి 13

టీ కప్పుల దగ్గర ఎవరో కక్కుకున్నారు. చీపురు, బకెట్టు పట్టుకుని బయల్దేరాను. నేను చేరేసరికి ఇయానెతా అప్పటికే కడిగేసి, రొప్పుతూ నిలబడి ఉంది.

"ఏమీ లేదయ్యా. నీళ్లు ఒలికాయి."

నీళ్లలో క్యారెట్ ముక్కలు ఉన్నాయి. ఇక్కడి నీళ్లు వేరేమో.

మార్చి 14

డారిల్ అందరి ముందు నా పేరు పిలిచాడు. ఈ వారం అందరికంటే శుభ్రమైన భాగం ఆరో నంబరట. నాకు పెలికన్ బొమ్మ బిళ్ల ఇచ్చాడు. ఫొటో తీసి టీ గది గోడకి అంటించారు. కళ్లు మూసుకున్నాను ఫొటోలో. అయినా నేనే.

"కొత్తవాడు, ముసలివాడు. చూసి నేర్చుకోండి" అన్నాడు డారిల్.

నోలీన్ నా వైపు చూసింది. ఇయానెతా నేల వైపు చూసింది.

నాకు ఈ పని అబ్బిందనుకుంటాను. ఎప్పుడూ చీపురు పట్టినవాణ్ని కాదు. మలియా ఉండగా ఆ అవసరం రాలేదు. లోపల నేర్పు ఉంటే ఎప్పుడైనా బయటపడుతుంది.

మార్చి 16, ఆదివారం

తెలేసియా ఆ ఫొటో చుట్టాల వాట్సాప్‌లో పెట్టింది. నలభై ఒక్కమంది అభినందనలు. ఊళ్లోని మా పెత్తండ్రి కొడుకు, ఏం పని అని అడిగాడట. పర్యావరణం అని పెట్టింది.

"అబద్ధం కాదు కదా నాన్నా" అంది.

కాదు.

మార్చి 18

టీ గదిలో నోలీన్ తన చీపురూ నా చీపురూ పక్కపక్కన నిలబెట్టింది. ఆవిడ చీపురు కుచ్చులన్నీ ఒక పక్కకి వాలిపోయి, అరిగిపోయి ఉన్నాయి. నాది కొట్లోంచి తెచ్చినట్టే ఉంది.

"పెలికన్ బిళ్ల నీకు కాదు, నీ చీపురుకి ఇవ్వాలి పానో. దాని అందం చెక్కు చెదరలేదు."

మెల్లగా ఊడుస్తాను అన్నాను.

"మెల్లగానా? గాల్లోనా?"

చేతి తీరును బట్టి ఉంటుంది.

మార్చి 20

అలల కొలను దగ్గర మగవాళ్ల టాయిలెట్ల గురించి ఫిర్యాదు వచ్చింది. పొద్దున్నుంచి ఎవరూ కడగలేదట. డారిల్ స్టోరు గది ముందే ఇయానెతాని నిలదీశాడు. నేను చీపురు పెట్టడానికి వెళ్లి మధ్యలో ఇరుక్కుపోయాను.

"పదకొండేళ్లలో ఒక్క మాట పడలేదు నువ్వు. ఈ మూడు వారాల్లో ఇది నాలుగోది. పొద్దున తనిఖీకి రావు. పిలిస్తే పలకవు. ఎక్కడుంటున్నావసలు?"

"పొరపాటైంది డారిల్."

"స్కూలు సెలవులొస్తున్నాయి. ఇంకొక్క ఫిర్యాదు వస్తే ఈ చేతిపట్టీ ఇంకొకరికి ఇచ్చేస్తాను. తర్వాత నన్ననుకోకు."

సూపర్‌వైజర్లు చేతికి పసుపు పట్టీ కట్టుకుంటారు. ఆ పిల్ల దాన్ని రెండో చేత్తో పట్టుకుంది. ఎక్కడుంటున్నానో మాత్రం చెప్పలేదు.

డారిల్ వెళ్తూ వెళ్తూ నా భుజం తట్టి, "ఇదిగో, ఈయన్ని చూడు" అన్నాడు.

నేను చీపురు లోపల పెట్టేసి వచ్చాను.

మార్చి 21

నిన్నటి విషయం వాళ్ల ఆఫీసు విషయం. మధ్యలో నేనెందుకు మాట్లాడాలి. ఎండగా ఉంది. ఆరో నంబరు శుభ్రంగానే ఉంది.

మార్చి 24

నోలీన్ చెప్పింది. నేను అడగలేదు.

"పానో, నువ్వు మంచాడివి, నాకు తెలుసు. అందుకే చెబుతున్నా. నీ భాగం దేవతలొచ్చి ఊడుస్తున్నారనుకుంటున్నావా? ఆ పిల్ల తెల్లారుజామున వచ్చి ఊడుస్తోంది. మధ్యాహ్నం నువ్వు తింటున్నప్పుడు తను తిండి మానేసి ఊడుస్తోంది. పిల్ల సన్నబడిపోయింది, కనబడట్లేదూ?"

మార్చి 25

నోలీన్‌కి ఇన్నేళ్లలో పెలికన్ బిళ్ల రాలేదట. మనిషన్నాక అసూయ ఉంటుంది. అయినా ఇయానెతా సన్నబడినా ఇంకా బాగానే ఉంది.

మార్చి 26

మొదటి బస్సుకి వెళ్లాను. ఐస్‌క్రీం కొట్టు వెనక నిలబడ్డాను.

చూశాను.

మార్చి 27

నిన్న రాయలేకపోయాను.

ఇక్కడి పొడుగు చీపురుతో కాదు. కొబ్బరి ఈనెల చీపురుతో ఊడుస్తోంది. ఇంటి నుంచి తెచ్చుకుని ఉంటుంది. నడుము వంచి, ఎడమ చెయ్యి వీపు మీద పెట్టుకుని, మా ఊరి ఆడవాళ్లు ఊడ్చినట్టే. అదే చప్పుడు. ముప్పై తొమ్మిదేళ్లు ప్రతి ఉదయం మలియా ఊడుస్తుంటే పడుకుని విన్న చప్పుడు. ఆ చప్పుడు ఆగితే వేడి కోకో వచ్చేది. కోకో కోసమే వినేవాణ్ని. లేచి చూసింది ఎప్పుడూ లేదు.

ఇవాళ ఇయానెతాతో మాట్లాడాను. ఇంత పొడుగ్గా నేను మాట్లాడటం అరుదు.

"నా భాగం నువ్వు ఊడవొద్దు."

"అలాగేనయ్యా."

"నీ ఉద్యోగానికి ముప్పు."

"అలాగేనయ్యా."

"అలాగే అని మళ్లీ ఊడుస్తావు."

తల వంచుకుంది. అంది, "ఆదివారం ఆదివారం నాన్న ఫోన్ చేస్తాడయ్యా. వాయెలుపేవారిని బాగా చూసుకుంటున్నావా అనే మొదటి మాట. నా పిల్లల గురించి తర్వాత. తమరు చెత్త ఎత్తారని తెలిస్తే నా కాళ్లు విరగ్గొడతాడు."

"సముద్రం అవతల ఉన్నాడు కదా."

"ఈదుకుంటూ వస్తాడు."

నిజమే, సేఫో మంచి ఈతగాడు.

మార్చి 28

ఇవాళ నేను ఇంకా ముందు బస్సుకి వెళ్లాను. ఆమె నాకంటే ముందే వచ్చి ముగించి వెళ్లిపోయింది. పెద్దలకి ఎదురు చెప్పకూడదు కాబట్టి అలాగే అంటుంది. పెద్దలచేత పని చేయించకూడదు కాబట్టి చేసేస్తుంది. తప్పంతా మర్యాదగానే జరిగిపోతోంది.

అలల కొలను దగ్గర మళ్లీ ఫిర్యాదు. సోమవారం తేల్చేస్తానన్నాడు డారిల్. పసుపు పట్టీ పోతుంది.

డారిల్‌కి చెప్పేస్తే? ఆమె పరువు పోతుంది, ఆమె పదవీ పోతుంది. చెప్పకపోతే పదవి ఎలాగూ పోతుంది. నేను మానేస్తే? ఆయన నీ వల్లే వెళ్లిపోయాడని సేఫో కూతుర్ని తిడతాడు. మానేస్తే మంగళవారం బెలూను. అది కూడా ఆలోచించాను. ముందు అదే ఆలోచించాను, నిజం రాయాలంటే.

మార్చి 30, ఆదివారం

ప్రసంగం ఒక్క ముక్క వినలేదు.

నా జీవితంలో ఇఫోగా, మావాళ్లు క్షమాపణ అడిగే పద్ధతి, రెండుసార్లు చూశాను. ఒకసారి, పక్క ఊరి లారీ కింద మా ఊరి పిల్లవాడు పడి చనిపోయినప్పుడు. ఆ ఊరి పెద్దలందరూ తెల్లవారకముందే వచ్చి, మా ఇంటి ముందు, తలల మీద నుంచి చాపలు కప్పుకుని నేల మీద కూర్చున్నారు. ఒక్క మాట లేదు. తప్పు మాది, మీ ఇష్టం, అని ఆ కూర్చోవడమే చెబుతుంది. చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే అలాగే కూర్చుంటారు. ఎండైనా, వానైనా. మా నాన్న మధ్యాహ్నానికి లేచి వెళ్లి ఎత్తాడు.

చీపురు విషయానికి ఎవరూ ఇఫోగా చేసి ఉండరు. పొయ్యి చూసేవాళ్ల కూతురి ముందు పెద్దరికం ఉన్నవాడు కూర్చోవడం కూడా విని ఉండరు.

కానీ మాట్లాడాల్సిన పని లేదు అందులో. అది నాకు నచ్చింది.

తెలేసియా పరుపు కింద మంచి చాప ఉంది. పట్టులా మెత్తగా ఉండేది, పెళ్లిళ్లకీ చావులకీ మాత్రమే తీసేది. లాగుతుంటే చూసేసింది.

"ఎవరు పోయారు నాన్నా?"

"ఎవరూ పోలేదు."

"మరి ఎవరి పెళ్లి?"

"ఎవరిదీ కాదు."

"మరెందుకు?"

"పనికి."

అక్కడే నిలబడి నన్ను చూసింది. డాక్టరుకి ఫోన్ చెయ్యాలా అనే చూపు అది. చెయ్యలేదు.

రేపటితో నా ఉద్యోగం పోవచ్చు. ఊడవలేదని అందరికీ తెలిసిపోతుంది.

మార్చి 31, సోమవారం

అంతా వరసగా రాస్తాను.

ఏడింటికి స్టోరు గది ముందు కూర్చున్నాను. చాప కప్పుకున్నాను. లోపల చీకటి, ఉక్క. తెలేసియా పరుపు వాసన. మొదట వచ్చింది కొంగ. చాప అంచు పట్టుకుని రెండుసార్లు లాగింది. తినేది కాదని తెలిశాక వెళ్లిపోయింది.

తర్వాత బూట్ల చప్పుడు. డారిల్.

"ఈ రగ్గు ఎవరిక్కడ పడేసింది?"

"రగ్గు కాదు, పానో" అంది నోలీన్. "కాళ్లు చూడు."

"ఏమైందాయనకి? ఎండదెబ్బా? ప్రాథమిక చికిత్స వాళ్లని పిలవనా? ఒరేయ్ గురూ, వినబడుతోందా?"

నేను పలకలేదు. ఇఫోగాలో పలకకూడదు.

పెలికన్ వేషం వేసే అబ్బాయి వచ్చినట్టున్నాడు. పెద్ద పాదాల టపటప వినబడింది. "ఇది కొత్త ఐటమా? మనకి చెప్పలేదే?" అన్నాడు లోపల్నుంచి.

అప్పుడు తాళాల గుత్తి నేల మీద పడింది. ఇయానెతా అని తెలిసిపోయింది.

ఆమె నా ఎదురుగా సిమెంటు మీద కూర్చుంది. ఏడుస్తోంది.

"అయ్యా, వద్దయ్యా. లేవండయ్యా. నా ముందా? మా నాన్నకి తెలిస్తే నేను బతకనయ్యా."

నేను కదల్లేదు.

"ఎవరైనా నాకు చెబుతారా?" అన్నాడు డారిల్.

చెప్పింది. అంతా చెప్పింది. మా ఊరు, నా పేరు, తన తండ్రి ఫోన్లు, తెల్లారుజామున ఊడ్చింది, తిండి మానేసి ఊడ్చింది, అందుకే కొలను దగ్గరికి వెళ్లలేకపోయింది.

"అంటే... ఆ పెలికన్ బిళ్ల నీదా?"

"నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నా, చీపురుకి ఇవ్వమని" అంది నోలీన్.

"మరి ఇప్పుడాయన లోపల ఏం చేస్తున్నాడు?"

"నాకు క్షమాపణ చెబుతున్నారు. నేను చాప ఎత్తేదాకా లేవరు."

"ఎంతసేపు?"

"మా ముత్తాతల కాలంలో ఒకాయన రెండు రోజులు కూర్చున్నాడు."

"తొమ్మిదిన్నరకి గేట్లు తెరుస్తాం ఇయానెతా! ఎత్తు! దయచేసి ఎత్తు!"

ఎత్తలేదు. ఎత్తితే వాయెలుపే తనకి తప్పు చేశాడని ఒప్పుకున్నట్టు. ఎత్తకపోతే వాయెలుపేని ఎండలో ఉంచినట్టు. ఏది చేసినా సేఫో ఈదుకుంటూ వస్తాడు. చాప కిందే ఆ పిల్ల మీద నాకు జాలేసింది. నా కాళ్లు తిమ్మిరెక్కాయి. కానీ లేవను. ముప్పై ఒక్క ఏళ్లలో నాకు చేతనైన పని ఏదైనా ఉందంటే ఇదొక్కటే, కూర్చోవడం.

చివరికి చాప అంచు కదిలింది. వెలుతురు వచ్చింది. ఆమె ముఖం, ముక్కు ఎర్రగా. వెనకాల డారిల్, నోలీన్, డబ్బాలవాళ్లు, తల ఊడదీసి చంకలో పెట్టుకున్న పెలికన్.

చాప ఎత్తాక కూర్చున్నవాడు మాట్లాడాలి. బస్సులో అనుకున్న మాటలు మూడే ఉన్నాయి. చెప్పాను.

"ఈ నేల మీద పెద్దదానివి నువ్వు. నీ నోటితో నాకు పని చెప్పు. చెబితే లేస్తాను."

ఆమె కళ్లు తుడుచుకుంది.

"అయ్యా, తమరికి వీలు కుదిరితే, గాలి కూడా చల్లగా ఉంది కాబట్టి..."

చాప లాగి మళ్లీ తల మీద కప్పుకున్నాను.

"అయ్యో!" అంది. నోలీన్ నవ్వు వినబడింది.

మళ్లీ ఎత్తింది.

"వాయెలుపేవారూ, ఎవరో ఒకరు కొలను వైపు..."

కప్పుకున్నాను.

"ఇయానెతా, నాతో మాట్లాడినట్టు మాట్లాడవే!" అంది నోలీన్. "మొన్న నన్ను కళ్లు ఇంట్లో పెట్టొచ్చావా అన్నావే, ఆ గొంతేది?"

"ఎనిమిదిన్నరైంది" అన్నాడు డారిల్. ఏడుపు గొంతు.

ఈసారి చాప మెల్లగా ఎత్తలేదు. పీకింది. లేచి నిలబడింది కూడా. నేను కింద, ఆమె పైన. మా ఊరివాళ్లెవరైనా చూసి ఉంటే కళ్లు తిరిగి పడిపోయేవాళ్లు.

"పనాపా! ఆ చాప మడిచి లోపల పెట్టు. బకెట్టు తీసుకో. అలల కొలను దగ్గర మగవాళ్ల టాయిలెట్లు తొమ్మిదిన్నరకల్లా కడిగి ఉండాలి. నేనొచ్చి చూస్తాను. ఇంకా కూర్చున్నావేంటి?"

తర్వాత రెండు చేతులతో నోరు మూసుకుంది.

నేను లేచాను. కాళ్లు తిమ్మిరి, ఒక అడుగు పడితే ఒకటి పడదు. అయినా పరిగెత్తాను. వెనకాల అందరూ చప్పట్లు కొడుతున్నారు. పెలికన్ రెక్కలతో కొడుతోంది.

టాయిలెట్లు చాలా ఘోరంగా ఉన్నాయి.

మధ్యాహ్నం డారిల్ వచ్చాడు. ఈసారి నడవలేదు, నిలబడ్డాడు. ఇయానెతా పట్టీ ఆమెకే ఉంటుందన్నాడు. నా సంగతి వేరే. గడిచిన నాలుగు వారాలు లెక్కలోకి రావట. మిగిలిన రెండు వారాల్లో ఏం ఊడుస్తానో చూసి తేలుస్తాడట. తేల్చేది ఇయానెతా రాసిన కాగితాన్ని బట్టి. బిళ్ల తీసుకున్నాడు. ఫొటో పీకేశాడు.

ఏప్రిల్ 1

అరచేతిలో నాలుగు బొబ్బలు. ఆరో నంబరులో కొండంత చెత్త. నా వైపు జనం మర్యాదస్తులేం కాదు.

ఏప్రిల్ 3

మూడుసార్లు కక్కుకున్నారు. క్యారెట్లు.

నోలీన్ చీపురు ఎలా పట్టుకోవాలో చూపించింది. "కొడుతున్నావేంటి పానో, అదేం తప్పు చేసింది? లాగు, లాగు."

బెంచీల ముందు ఇంకా వంగుతున్నాను. ఎలాగూ వంగాను కదా అని కింద పడ్డవి చేత్తో ఏరుతున్నాను. రెండు పనులూ ఒకేసారి అయిపోతున్నాయి.

ఏప్రిల్ 5

స్కూలు సెలవులు. జనం. కూర్చోవడానికి కూడా వీల్లేదు. ఇయానెతా నా మీద అరిచింది. "పనాపా, డబ్బా పొంగుతోంది, చూసుకోవా!" అరిచాక అటు తిరిగి, చేతులు జోడించి, ఆకాశానికి దండం పెట్టుకుంది. రోజూ అరిచిన ప్రతిసారీ పెట్టుకుంటోంది. పోనీలే.

ఏప్రిల్ 6, ఆదివారం

సేఫోకి నేనే ఫోన్ చేశాను. ఇయానెతా ఇంకా చెప్పలేకపోతోంది. ఆమె నోటి నుంచి వినకూడదు అతను.

"అయ్యా! తమరా! అమ్మాయి తమర్ని బాగా చూసుకుంటోందా?"

"చూసుకుంటోంది. సోమవారం నాచేత టాయిలెట్లు కడిగించింది."

అటువైపు కోడి కూత వినబడింది. ఎవరో పిల్లలు అరుస్తున్నారు. ఫోన్ పక్కన పడేశాడేమో అనుకున్నాను.

"నేనే అడిగాను సేఫో. చాప కప్పుకుని అడిగాను. ఆమె తప్పు లేదు."

సేఫో గొంతు సవరించుకున్నాడు.

"... శుభ్రంగా కడిగారా, అయ్యా?"

"మొదటిసారి కదా."

"పచ్చి నిమ్మకాయ రుద్దితే మరకలు పోతాయయ్యా" అన్నాడు సేఫో. ఇద్దరం అరగంట మరకల గురించి మాట్లాడుకున్నాం. నలభై ఏళ్లలో అతనితో అంతసేపు ఎప్పుడూ మాట్లాడలేదు.

ఏప్రిల్ 9

పొద్దున కొబ్బరి ఈనెల చీపురు అడిగి తీసుకున్నాను. ఎడమ చెయ్యి వీపు మీద పెట్టి చూశాను. ఎక్కువసేపు నిలవలేకపోయాను. ముప్పై తొమ్మిదేళ్లు, రోజూ.

ఏప్రిల్ 11, శుక్రవారం

సాయంత్రం డారిల్ ఆఫీసులో కూర్చోబెట్టాడు. ఇయానెతా గోడకి ఆనుకుని నిలబడింది. నా కాగితం ఆమే నింపింది.

వేళకి రావడం: బాగుంది. దుస్తులు: బాగుంది. వచ్చినవాళ్లతో మాట్లాడటం: లేదు. ఊడవడం: ఫర్వాలేదు.

అడుగున ఆమె చేతిరాత. మా భాషలో రాసి, డారిల్ కోసం కింద ఇంగ్లీషులో మళ్లీ రాసింది. "మూలలు వదిలేస్తున్నాడు. చెప్తే వింటాడు."

"చెయ్యి కలుపు గురూ" అన్నాడు డారిల్. భయపడ్డాను, వెళ్లిపొమ్మంటున్నాడేమోనని. "సోమవారం షిఫ్టు ఎనిమిదింటికి" అన్నాడు.

ఇయానెతా నా ముఖం చూడలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. "కోపం వచ్చిందా?" అంది, గోడతో.

రాలేదన్నాను.

ఇంట్లో తెలేసియా ఆ కాగితం రెండుసార్లు తిప్పి చూసింది. "ఫర్వాలేదంటే ఏమంత మంచి మార్కు కాదు నాన్నా. వాట్సాప్‌లో పెట్టనా వద్దా?"

పెట్టమన్నాను. ఈసారి ఊడవడం అనే రాయమన్నాను.

ఇప్పుడు మళ్లీ చదివాను. ముప్పై ఒక్క ఏళ్లలో నేను ఏం చేసినా ఊళ్లో అందరూ భేష్ అనేవాళ్లు. మూలలు వదిలేస్తున్నానని ఎవరూ చెప్పలేదు.

నిజమే. వదిలేస్తున్నాను. సోమవారం మూలల నుంచి మొదలుపెడతాను.